తువ్వాలు కింద వేళ్ళు

మా ఆఫీసు తిరుపతిలో, తిలక్ రోడ్డులో,
స్టీలు సామాన్ల అంగడి మీద రెండో అంతస్తు.
కింద బిందెలు పేర్చే చప్పుడు
మా కీబోర్డుల్లోకి ఎక్కొస్తా ఉంటుంది.
నా పని ధరలు పేర్చడం.
ఒకే మోటారు, పదకొండు అంగళ్ళు,
పదకొండు రేట్లు, ఒకదాని కింద ఒకటి.
తక్కువది పైనుంటుందని చూసేవాళ్ళు అనుకుంటారు.
అనుకోనిస్తాం.

పై మూడు వరసలకు
ఒక చిన్న మాట తగిలిస్తాం: ప్రాయోజితం.
'దుడ్డు కట్టినారు' అని రాయొచ్చు.
ఇంట్లో ఎవురూ వాడని మాటయితే
దాని దగ్గర ఎవురూ ఆగరు.
రంగు ఎంచింది నేనే,
పొయ్యి ఆరినాక మిగిలే రంగు.
మొదట పన్నెండో సైజు పెట్టినా.
జ్ఞానశేఖర్ సార్ కళ్ళద్దాలు తుడుచుకుంటా
"రూలు ప్రకారం ఉండాల, అంతే గదా" అన్నాడు.
పదికి దించినా. తరవాత ఎనిమిదికి.
ఉంది. లేదని ఎవురూ అనలేరు.

బోరు మోటారు కాలిపోయిందని
దామలచెరువు నుంచి ఆదివారం మా నాయన వచ్చినాడు.
ముప్పై ఏండ్లు మామిడి మండీలో దళారీ.
ఎర్ర తువ్వాలు కింద చెయ్యీ చెయ్యీ కలిపి
వేళ్ళు నొక్కి రేటు చెప్పే మనిషి.
చూపుడువేలు పట్టుకుంటే ఒకటి,
పిడికిలి పట్టుకుంటే అయిదు,
వందలా వేలా అనేది మొగం చూసి తెలుసుకోవాల.
చుట్టూ నలభై మంది నిలబడి
తువ్వాలు కదలడం మాత్రం చూస్తారు.

ఫోను చేతికిచ్చినా. మా పేజీనే.
దూరంగా పెట్టి, దగ్గరికి తెచ్చి,
ఆ బూడిద మాటను గోరుతో గీరినాడు,
కాయకంటిన సొన గీరినట్టు.
"ఇదేందిమ్మే, ఈడ ఏదో రాసుండారు?"

చెప్పినా.
కొనేవాళ్ళ దగ్గర పైసా తీసుకోమని,
వేలు ఆనించి అంగట్లోకి పోయిన ప్రతిసారీ
అంగడోడు మాకు నాలుగున్నర రూపాయి ఇస్తాడని,
మోటారు అమ్ముడైతే నూటికి ఇంతని,
పై వరసకు రోజూ పొద్దున వేలంపాట అని.
"మీకేమీ ఇయ్యనోళ్ళు?"
"కొందరు కింద ఉంటారు. కొందరు ఉండరు."

చానాసేపు మాట్లాడలా.
"నా తువ్వాలు కింద ఏముండాదో ఎవురికీ తెలీదు గానీ
తువ్వాలుండాదని ఊరంతా తెలుసు.
నూటికి పది తింటానని
రైతు నా మొగం మీదనే తిట్టి పోతాడు,
మళ్ళా ఏడు బండి నా కాడికే తోల్తాడు.
నిన్ను తిట్టాలంటే యాడికి రావాలమ్మా?"

తిలక్ రోడ్డు అని చెప్పబోయి ఊరుకున్నా.
పేజీలో మా అడ్రసూ ఎనిమిదో సైజే.

ఏడో వరస చూపించినా. చిత్తూరు అంగడి,
పన్నెండు వందలు తక్కువ.
నాయన చూసినాడు, తల ఊపినాడు,
మళ్ళీ పైకి పోయినాడు.
"వీడు దుడ్డు కట్టి ముందర కూసున్నోడు.
రేపు మోటారు కాలితే పారిపోడులే."
నిజమో కాదో నాకు తెలీదు.
ఎవురు పారిపోతారో రాసే గడి
మా లెక్కల్లో లేదు.
మొదటి వరస మీద చూపుడువేలు ఆనించినాడు.

సోమవారం ఆ మాటను పదో సైజుకు పెంచినా.
బుధవారం జ్ఞానశేఖర్ సార్ నా వెనక నిలబడి
కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
తొమ్మిదికి ఒప్పుకున్నాం.

నెలాఖరు లెక్క తీస్తా ఉంటే
వేల వరసల నడుమ ఒకటి:
ఆదివారం, పదకొండూ నలభై,
మోటారు, మొదటి అంగడి,
నాలుగు రూపాయల యాభై పైసలు.
రేటు తేటగా కనబడతా ఉంది.
వేలు కనబడలా.